తలుపు కింద చీటీ

అద్దంకిలో వెంకటరావమ్మ గారి వర్క్‌షాపు. కంప్యూటరు గది తలుపు మీద జయరావు ఒక కాగితం అంటించాడు.

శుక్రవారంలోగా కావలసినవి:
ఒకటి, ఒక గీత జరిపితే దానికి అతుక్కున్న గీతలు కూడా జరగాలి.
రెండు, ఒక కొలత మారిస్తే బొమ్మంతా ఆ లెక్కకి మారాలి. బోల్టు బెజ్జం మాత్రం నడిమధ్యే ఉండాలి.
మూడు, అక్కర్లేని ముక్క కత్తిరిస్తే మిగతా కొలతలు ఎగిరిపోకూడదు.
నాలుగు, పొరపాటున చెరిపింది తిరిగి రావాలి.

"ఇవి కాకపోతే?" అని అడిగింది వెంకటరావమ్మ.

"కంప్యూటరుని వెనక్కి పంపేస్తానన్నారు కదమ్మా."

"దానితోపాటు నిన్ను కూడా అన్నాను. సగమే గుర్తుపెట్టుకుంటే ఎట్లా?"

జయరావుకి మొత్తం గుర్తుంది. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చింది అతనొక్కడే. అమ్మ ఇంకా మిరపకోతకి పోతూనే ఉంది. 1988లో ఆ చుట్టుపక్కల డ్రాయింగులు గీసే కంప్యూటరు ఇదొక్కటే. అది వచ్చిందనే, చేత్తో డ్రాయింగులు గీసే పాత డ్రాఫ్ట్స్‌మన్ నన్నే సాహెబ్‌ని వెంకటరావమ్మ పని మాన్పించి ఇంటికి పంపేసింది. జయరావుకి పెన్సిలు పట్టుకోవడం నేర్పింది ఆయనే.

తీరా చూస్తే కంప్యూటరు మాట వినలేదు. పత్తి మిల్లుల్లో గింజ తీసే జిన్నింగ్ మిషన్లు ఒక్కోటి ఒక్కో కాలం నాటివి. రోలరుని పట్టుకునే బ్రాకెట్టు ఒక్కో మిల్లుకి ఒక్కో వెడల్పు కావాలి. తెర మీద వెడల్పు మార్చగానే నాలుగు గీతలూ విడిపోయి నాలుగు దిక్కులకు పోయేవి. బెజ్జం బ్రాకెట్టు దాటి బయటికొచ్చేది.

"బోల్టు గాలికి బిగించమంటావా అబ్బాయ్?" అని మిల్లువాళ్ళు నవ్వారు.

సోమవారం నుంచి జయరావు ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు. దుమ్ము పడుతుందన్నాడు. ఎవరికేం కావాలన్నా చీటీ రాసి తలుపు కిందనుంచి తోయాలి. కాసేపటికి డ్రాయింగు అదే దారిన బయటికొచ్చేది.

శుక్రవారం పొద్దున కంప్యూటరు అమ్మిన కంపెనీ ఇంజనీరు ప్రేమదాసు గుంటూరు బ్రాడీపేట ఆఫీసు నుంచి వచ్చాడు.

"మా ప్రోగ్రాములో ఇవి కుదరవు మేడమ్. మార్చడం ఇక్కడ అయ్యే పని కాదు."

"మావాడు కుదిరిందంటున్నాడు. మీరే అడిగి చూడండి."

వెడల్పు ఆరంగుళాలు కాదు, ఏడున్నర అని ప్రేమదాసు చీటీ రాసి తోశాడు. ఇరవై నిమిషాలు గడిచాయి.

"ఇంతసేపా?"

"ఆలోచిస్తుందండీ," అన్నాడు జయరావు తలుపు దగ్గర నిలబడి.

కాగితం వచ్చింది. గీతలన్నీ కలిసికట్టుగా జరిగాయి. బెజ్జం నడిమధ్యలో కుదురుగా ఉంది. ప్రేమదాసు కళ్ళజోడు తుడుచుకుని ఈసారి ఒక మూల కత్తిరించమన్నాడు. మూల పోయింది, కొలతలన్నీ ఉన్నాయి. ఆ మూలే తిరిగి కావాలన్నాడు. వచ్చింది, ముందుకన్నా ఇంకాస్త అందంగా.

"లోపలికెళ్ళి ఒక్కసారి చూస్తాను," అంటూ ప్రేమదాసు బూట్లు విప్పాడు.

జయరావు తలుపుకి అడ్డంగా జరిగి గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంట కావస్తోందండీ. శుక్రవారం ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఇది పనిచెయ్యదు."

"ఆపేస్తారా?"

"మనం ఆపక్కర్లేదండీ. అదే ఆగుతుంది."

"మా కంప్యూటరుకి అలాంటి అలవాటు లేదే."

"ఇక్కడికొచ్చాక అయిందండీ."

"ఎండలకి మనిషికే ఆగాలనిపిస్తోంది, మిషనుకి అనిపించదా?" అంది వెంకటరావమ్మ. "రండి, భోంచేసి వెళుదురుగాని."

గుంటూరు బస్సు తప్పిపోతుందని ప్రేమదాసు మళ్ళీ బూట్లు తొడుక్కున్నాడు. వెళ్ళేముందు తలుపు మీది నాలుగు వాక్యాలూ తన నోటుబుక్కులోకి శ్రద్ధగా ఎక్కించుకున్నాడు. "మీవాడు చేయగలిగినప్పుడు మా హెడ్డాఫీసు చేయలేదా మేడమ్? ఇవాళే ఉత్తరం రాస్తాను."

"విన్నావుగా," అంది వెంకటరావమ్మ. "అది ఉంటుంది, నువ్వూ ఉంటావు."

రెండేళ్ళకి కంపెనీవాళ్ళ కొత్త ప్రోగ్రాములో ఆ నాలుగూ నిజంగానే వచ్చాయి. మీరెప్పుడైనా తెర మీద ఒక గీత లాగితే, మిగతావి వాటంతటవే వెంట రావడం చూసి ముచ్చటపడవచ్చు.

అప్పుడు, ఆ గదిలో కూర్చుని, శుక్రవారం నమాజుకి తప్ప పెన్సిలు దించకుండా అవన్నీ చేత్తో గీసిన నన్నే సాహెబ్‌ని కాస్త గుర్తుచేసుకోండి.