ఒకే బల్ల

చరిత సుద్దముక్కతో బల్ల మీద అడ్డంగా గీత గీసింది. రేపు వడ్రంగి వచ్చి అక్కడ కోస్తాడు. తనే ముచ్చటపడి చేయించిన బల్ల. అయినా గీసింది.

ఎడారి ఊరు చాండ్లర్‌లో ఎండలు పడలేక కొన్ని తెలుగు కుటుంబాలు కలిసి, కొండ మీద పైన్ అడవిలో సెలవులకి అపార్ట్‌మెంట్లు కట్టుకున్నాయి. అందులో ఒకటి చరితా వాళ్ళది. డిజైనూ ఆమెదే. అమెరికాలో పుట్టి పెరిగిన ఆర్కిటెక్ట్. ఒక్క చెట్టు కొట్టనివ్వలేదు. చెట్టు అడ్డొచ్చిన చోట గోడే పక్కకి జరిగింది. అంతకంటే మొండిపట్టు ఇంకోటి పట్టింది. ఏ ఇంట్లోనూ వంటగది ఉండదు. అందరికీ ఒకే వంటిల్లు, దాని ముందు వరండా పొడవునా ఒకే బల్ల.

“సిటీలో ఎవరి డోర్ వాళ్ళు వేసుకుంటాం. ఇక్కడైనా కలిసి తిందాం అంకుల్,” అంది మీటింగ్‌లో.

కమిటీ పెద్ద కృష్ణమోహన్, రిటైరైన గుండె డాక్టరు, చప్పట్లు కొట్టాడు. “వండర్‌ఫుల్! మనవాళ్ళకి కావల్సింది ఇదేనమ్మా!”

ప్రారంభం రోజు బల్ల కిటకిటలాడింది. చరిత నాన్న వీరభద్రం స్వయంగా గరిటె పట్టి గోంగూర పప్పు వండాడు. ఈ దేశం వచ్చాక ఏ తెలుగు సంఘం గుమ్మమూ తొక్కని మనిషి, ఆరోజు కూతురి బల్ల దగ్గర కూర్చుని పకపకా నవ్వాడు. వసుమతి ఆంటీ మళ్ళీ మళ్ళీ పప్పు వేయించుకుంది. “మీ చేతికి బంగారు కడియం తొడగాలి అన్నయ్యగారూ!” అంది. కృష్ణమోహన్‌దీ వీరభద్రందీ పక్కపక్క ఊళ్ళని తేలింది. ఇక ఇద్దరూ ఊరి కబుర్లలో పడ్డారు. చరిత అటు చివర ఫోటోలు తీస్తూ పొంగిపోయింది.

మర్నాటి నుంచే బల్ల పలచబడింది.

“నాకు అసిడిటీ అమ్మా, చప్పిడి తిండి,” అంది వసుమతి ఆంటీ. “పిల్లలు టైమ్‌కి తినరు,” అంది భానుమతి ఆంటీ. చూస్తుండగానే ఇంటింటా కరెంటు పొయ్యిలు వెలిశాయి. వరండాలో నిలబడితే అన్ని ఇళ్ళ పోపు వాసనలూ వస్తాయి. మనిషి మాత్రం రాడు.

చరితకి ఏడుపొచ్చేది. బెంచీలకి వీపు ఆనించే చెక్క లేదు కదా అనుకుని పెట్టించింది. గాలి విసురుగా ఉందని తెరలు కట్టించింది. లైటు కళ్ళలో కొడుతోందేమోనని మార్పించింది. ఒక్కరూ రాలేదు.

నాన్న తీరూ మారింది. పళ్ళెం పట్టుకుని చెట్ల మధ్య బండ మీదికి పోయి తింటున్నాడు. పోనీ, ఆయనకైనా అడవి నచ్చిందని సరిపెట్టుకుంది.

నిన్న కృష్ణమోహన్ నవ్వుతూనే చెప్పాడు. “ఏమనుకోకమ్మా, ఇంటికో కిచెన్ డిజైన్ చేసివ్వు. ప్రైవసీ ఇష్యూ, అంతే.”

బల్ల మరీ పొడవైపోయింది, అదే తప్పయి ఉంటుంది. ముక్కలు చేసి ఒక్కో ఇంటి ముందు ఒకటి వేస్తే సరి. అందుకే ఈ సుద్దగీత.

“నా డిజైన్ ఫెయిల్ నాన్నా,” అంది, వెనక అడుగుల చప్పుడు విని. “మనుషులు ఎలా కూర్చుంటారో నాకు తెలీలేదు.”

వీరభద్రం చెయ్యి తడిపి ఆ గీతని తుడిచేశాడు. చాలాసేపు తుడిచాడు. తలెత్తలేదు.

“నీ బల్ల బంగారం తల్లీ,” అన్నాడు. “మొదటి రోజు దీన్ని చూసి నాకే ధైర్యమొచ్చి, మీ ఇల్లు ఊళ్ళో ఎక్కడని కృష్ణమోహన్ గారు అడిగితే, ఊళ్ళో కాదండీ, ఊరి బయట పేటలో అని చెప్పేశాను.”