బడి దర్ఖాస్తు

"ఏలు యాడ పెట్టాలె, పంతులయ్యా?" సాయవ్వ మురిపెంగా బొటనవేలు సిరాలో అద్దింది.

దర్ఖాస్తు ఉర్దూలో ఉంది. రాసింది పట్వారీనైన నేనే. ఎల్లారెడ్డి తాలూకాలోని మా ఊరికి సర్కారు ఇస్తానన్న బడి అక్కర్లేదనీ, దాన్ని కామారెడ్డికే ఇప్పించమనీ దొర చెప్పినట్టు రాశాను. అక్కడ బడులు పెరిగితే దొర కట్టించిన గదులకు కిరాయిదార్లు దొరుకుతారు. ఇక్కడ ఆయన గొడ్లు కాసే పిల్లలు చెయ్యి జారిపోరు.

ఊరివాళ్లకు మాత్రం బడి కావాలని రాశానని చెప్పాను.

"మనూర్ల బడి అయితది గద?" ముద్ర వేసి అడిగింది సాయవ్వ.

"అయితది," అన్నాను. నా గొంతు నాకే రోత పుట్టించింది.

"జల్ది కానియ్ పంతులూ, గీల్ల చెమట కంపు పడ్తలేదు," గడీ అరుగు మీంచి దొర విసుక్కున్నాడు.

సాయవ్వ కదల్లేదు. ఆరేళ్ల మనవరాలిని ముందుకు లాగింది.

"దీంది గూడ ఒకటి ఎయ్యనియ్యి అయ్యా, యాదికుంటది. బడికి పోతే దస్కతే చేస్తది. మల్ల జన్మల ఏలిముద్ర ఎయ్యది."

దొర పళ్లు ఇకిలించాడు. "ఎయ్యనియ్, ఒకటి ఎక్కువైతది."

చిన్న వేలు కాగితం మీద పడింది.

"నీ చేతికి గూడ సిరా అంటింది తాతా," అంటూ పిల్ల తన గౌను కొసతో తుడవబోయింది. సిగ్గుతో చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

సాయవ్వ హడలిపోయింది. "ముట్టకే! అయ్యకు మైలయితది! తప్పయింది, బాంచెన్..."

ఆ సిరా చేత్తోనే దర్ఖాస్తు మడిచి దొరకు అందించాను.