వేలెత్తే పరీక్ష

ఆదివారం ఇంట్లో నాన్న, అమ్మ, జగ్గారావు మావయ్య, నేను ఉన్నాం. నాన్న, మావయ్య షిప్‌యార్డులో మెషీన్లతో ఓడల తుప్పు రాలగొడతారు. మర్నాడు నాన్నకి చెవుల పరీక్ష. తప్పితే ఆ మోతలోకి మళ్ళీ పంపరు. కాంట్రాక్టరు దగ్గర వేరే పని లేదు.

మావయ్య నా ఫోనులో సన్నటి కూత ఒకటి పెట్టించాడు. నేను నాన్న వెనక నిలబడి దాన్ని నొక్కాలి. వినబడితే నాన్న వేలెత్తాలి.

ప్రతిసారీ ఎత్తాడు.

"సూసినావా, మా బావకేటీ ఢోకా నేదు!" అన్నాడు మావయ్య.

నాన్న బీరువా అద్దంలో నా బొటనవేలినే చూస్తున్నాడు. ఈసారి నొక్కినట్టు వేలు ఆడించి ఊరుకున్నాను. నాన్న వేలెత్తాడు.

"నాన్నా, నాను నొక్కనేదు."

ఇద్దరూ తిరగలేదు. గొంతు పెంచి మళ్ళీ అన్నాను.

మావయ్య నవ్వాడు. "అక్కడా అంతేనే పిల్లా. గాజు కిటికీలోంచి నొక్కేవోడి సెయ్యి కనబడతాది. మేవందరం అలాగే పాసయిపోనాం."

"ఉన్న కాస్త వినికిడీ పోతాది కదా మావయ్యా?"

"పోడానికి ఇంకేటుందే?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా చేతిలోని ఫోను తీసుకుంది.

"నువ్వు బైటికెల్లు. నాను నొక్కుతాను," అని తలుపేసింది.