వీడికేమైనా ఉందేమో!

"దిగు! దిగరా ముందు! కాలు జారిందంటే నడుం విరిగి మంచాన పడతావ్!"

తల్లి చేతిలో ఇస్త్రీపెట్టె కాలుతోంది. కొడుకు కిటికీ చువ్వలు పట్టుకుని బీరువా ఎక్కేశాడు. బడి నుంచి వచ్చి ఇంకా బూట్లు కూడా విప్పలేదు. అక్కణ్ణుంచి మంచం మీదికి ఒక్క దూకు! పొద్దుట్నించీ ఇస్త్రీ చేసి మడతపెట్టిన ఊళ్ళోవాళ్ళ చొక్కాలన్నీ నేలపాలు.

"అయిపోయింది. మళ్ళీ మొదటికొచ్చింది నా పని."

గోడకానుకుని కూర్చున్న కూతురు, లేవకుండానే చెయ్యి చాపి ఒక్కో చొక్కా దగ్గరికి లాక్కుంటోంది.

అంతలో ఆడపడుచు గుమ్మంలో చెప్పులు విడిచింది. పిల్లల ఆసుపత్రిలో నర్సు. కబురందగానే డ్యూటీ దిగి నేరుగా వచ్చింది.

"రండి వదినా! మీకోసమే కాచుక్కూర్చున్నా. వీడికేమైనా ఉందేమో చూడండి."

"ఏముంటుందే వీడికి?"

"నరాల జబ్బేమో, తలలో ఇంకేదైనానేమో. పొద్దస్తమానం బళ్ళో ఉండొచ్చినవాడు అలిసిపోవాలా, వద్దా? వీడు ఇంటికొచ్చాకే మొదలుపెడతాడు. నిద్రలో కూడా కాళ్ళాడిస్తాడు. ఎక్కడైనా చూపించమని పక్కింటావిడ మొహమ్మీదే అంది."

"ముందు ఆవిణ్ణి చూపించాలి," అంటూ వదిన పరిగెడుతున్నవాణ్ణి ఒడిసి పట్టుకుంది. కళ్ళు చూసింది. నాలుక చూసింది. ఛాతీకి చెవి ఆనించింది.

"అత్తా! చక్కిలిగింతలు!"

"కాసేపు కదలకుండా ఉండరా కోతీ."

"కోతులు ఉండవుగా!" అని వాడు జారిపోయాడు. మళ్ళీ బీరువా దగ్గర చప్పుడు.

"గుర్రప్పిల్లలా ఉన్నాడే. ఏ రోగమూ లేదు."

"నా దగ్గర దాస్తున్నారు కదూ?"

"దాచడానికేముందే, ఆ వయసే అంత!"

తల్లి స్టూలు మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా వల్ల కాదు వదినా. ఇస్త్రీపెట్టె మీద పడతాడేమో, మెట్ల మీంచి దొర్లుతాడేమో అని అస్తమానం ఒకటే దడ. వీడికి ఏదో అవుతుంది, నాకు తెలుసు. ఏదో ఒక పూట ఈ ఇంట్లో ఏడుపు తప్పదు."

"ఛ, అవేం మాటలే!"

"మీకేం, ఓ గంట చూసి వెళ్తారు. ఆ పిల్ల కూడా వీడిలాగే ఉంటే నేనెప్పుడో పిచ్చిదాన్నయ్యేదాన్ని. దాన్ని చూడండి, బంగారం! కూర్చోబెట్టిన చోటే కూర్చుంటుంది. తమ్ముడు ఆటకి రమ్మని చెయ్యి పట్టి లాగినా కదలదు. ఈమధ్య మరీ బుద్ధిమంతురాలైంది."

వదిన మొహంలో నవ్వు ఆగిపోయింది. వెళ్ళి పాప ముందు గొంతుక్కూర్చుంది. చొక్కా పట్టుకున్న చేతిని మెల్లగా కిటికీ వెలుతురులోకి తిప్పింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

"దాన్ని వదిలెయ్యండి వదినా, వీడి సంగతి చెప్పండి," అంది తల్లి.

వదిన ఆ చెయ్యి వదల్లేదు. వెనక్కి తిరక్కుండానే, గొంతు తగ్గించి అడిగింది:

"ఏమే, ఈ పిల్ల ఆఖరిసారి పరిగెత్తింది ఎప్పుడో గుర్తుందా నీకు?"