రెండు పట్టీలు

హార్బరు రొయ్యల షెడ్డులో ఇప్పుడు కూలీలంటూ ఎవరూ లేరు, అందరూ భాగస్వాములే. అందుకే పింఛను యంత్రం తెర మీద మొట్టమొదట ‘కంపెనీ వాటా: సున్నా’ అని కనబడుతుంది. దాని కింద రెండు ఖాతాలుంటాయి. యాభై ఖాతా అయితే యాభయ్యో ఏట నుంచి నెలనెలా కొంచెం ఇస్తారు. డెబ్బై ఖాతా అయితే డెబ్బయ్యో ఏట నుంచి నాలుగింతలు ఇస్తారు, ఈలోగా పోతే పైసా రాదు. ఎవరికి ఏది మేలో చేతిపట్టీలో నమోదైన ఊపిరిని చూసి యంత్రమే చెబుతుంది. ఎంచుకోవడానికి ఇవాళే ఆఖరు రోజు.

పైడమ్మకు డెబ్బై మేలంది యంత్రం. ఆమె వెనకే పట్టీ పెట్టిన నూకరత్నానికీ డెబ్బై అనే చెప్పింది.

ఊపిరి చాలనివాళ్ళను చలిగదిలో పనికి రానివ్వరని, ఏడాదిగా నూకరత్నం పట్టీని కూడా పైడమ్మే తన చేతికి కట్టుకుంటోంది. యంత్రం చూసింది తన ఊపిరినే. నలభై ఆరేళ్ళ నూకరత్నం దగ్గితే కొంగుకు నెత్తురు అంటుతోంది.

“యాబై నొక్కేయే రత్నం,” అంది గొంతు తగ్గించి. “నాలుగేళ్ళే కదా. కాసిన్ని డబ్బులైనా కళ్ళజూస్తావు.”

“దాని మాట కాదంటే గొట్టంలో ఊదమంటాది వొదినా. ఊదితే రేపట్నించి పనుండదు. ఈ నాలుగేళ్ళూ ఏటి తినాల?”

నూకరత్నం డెబ్బై నొక్కింది. నిండు నూరేళ్ళూ చల్లగా ఉండమని దీవించింది యంత్రం.

ఆమె పట్టీ తీసుకుని వెనక్కి తిరిగేసరికి, పైడమ్మ అప్పటికే చెయ్యి చాపి ఉంది.