మొదటి వేలిముద్ర

పంతులమ్మ జెనోబియా సిరా ప్యాడ్ మూత మూడోసారి తీసింది.

మూడోసారి కూడా ఎవరూ రాలేదు.

బడి ముందు వందమందికి పైగా కూర్చుని ఉన్నారు. పొద్దున్నే వచ్చారు. కంబళ్ళు కప్పుకుని, కోకా ఆకు నములుతూ, ఓటు పెట్టె వైపు దొంగచూపులు చూస్తున్నారు.

చదువు రానివాళ్ళకీ, ఆడవాళ్ళకీ దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు రావడం బొలీవియాలో అదే మొదటిసారి. ఓటర్ల పుస్తకంలో నూట ఇరవై పేర్లూ, ఊరికి కొత్తగా వచ్చిన జెనోబియా వారం రోజులు కూర్చుని తన చేత్తో రాసింది. నాలుగింటికి పెట్టె మూసేస్తారు. ఖాళీ పెట్టె పట్నం వెళితే, 'వీళ్ళకి ఓటెందుకు' అన్న పెద్దమనుషుల మాటే నెగ్గుతుంది.

"రండమ్మా! సంతకం రాకపోతే వేలిముద్ర చాలు," అని అరిచింది.

ముందు వరసలోని సతుర్నీనా అవ్వ నవ్వింది. "వేలే కదా అని మా అయ్య కూడా వేశాడు పంతులమ్మా. మా మేత బీడంతా దొర పాలైంది."

"ఇది బీడు కాగితం కాదవ్వా, ఓటు!"

"దొర కూడా అదే అన్నాడు. ఇది బీడు కాగితం కాదన్నాడు."

అందరూ ఘొల్లున నవ్వారు. ఒక్కరూ లేవలేదు.

పన్నెండింటికి కొండ మీంచి ఒక ముసలాయన దిగాడు. టైరు చెప్పులు, చిరుగుల కంబళి. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చాడు.

"పేరు?"

"మెలితోన్ చోకె."

చిట్టచివరి పేజీలో చిట్టచివరి పేరు. జెనోబియా పుస్తకాన్ని అతని వైపు తిప్పి గడి చూపించింది.

ముసలాయన దాన్ని మళ్ళీ తలకిందులుగా తిప్పుకున్నాడు. మొదటి పేజీ తీశాడు.

కాపలా పోలీసు ఫావుస్తినో పగలబడి నవ్వాడు. "అబ్బో, మహా పండితుడు దిగాడండోయ్!"

జెనోబియాకీ నవ్వాగలేదు. "అందులో బొమ్మలేం లేవు తాతా. వేలు వేసి వెళ్ళు."

ముసలాయన ఒక్కో గీత మీదా వేలు జరుపుతూ, ఆగుతూ, కళ్ళు చికిలించుకుంటూ పేజీలు తిప్పాడు. అరగంట గడిచింది.

"ఇలాగైతే తెల్లారినట్టే! నువ్విలా అడ్డంగా నిలబడితే మిగతావాళ్ళెలా వస్తారు?" అని జెనోబియా విసుక్కుంది.

"అయిపోయింది తల్లీ."

బొటనవేలు సిరాలో అద్ది, తన పేరు పక్కన గట్టిగా నొక్కాడు. లోపలి గదికి వెళ్ళి వచ్చి, ఓటు కాగితం ఉన్న కవరు పెట్టెలో వేశాడు. బయటికి నడిచి, నల్లటి వేలు పైకెత్తి అందరికీ చూపించాడు.

కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారిగా లేచారు.

జెనోబియా సిరా ప్యాడ్‌ని బల్ల అంచుకి జరిపింది. తోపులాట లేదు, అరుపుల్లేవు. పసిపిల్లల తల్లులు, కర్ర ఊతంగా నడిచేవాళ్ళు, అందరూ వరసగా వచ్చి వేలు వేసి వెళుతున్నారు. ఫావుస్తినో తనకే తెలియకుండా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

చివరికి మిగిలింది సతుర్నీనా అవ్వ. వేలు వేసి, సిరా తుడుచుకోకుండా మురిపెంగా చూసుకుంది.

జెనోబియా ఉండబట్టలేక అడిగింది. "పొద్దుట్నుంచి బతిమాలితే రానివాళ్ళు, ఆ తాత రాగానే ఎలా వచ్చారవ్వా?"

"ఆయన కోసమేగా కూర్చున్నాం! ముప్పై ఏళ్ళుగా మెలితోన్ చదివి చెప్పందే ఈ కొండల్లో ఎవరం ఏ కాగితం మీదా వేలు వెయ్యం. దొర మీద అర్జీలు రాసిందీ ఆయనే. దానికి ఆరేళ్ళు జైల్లో పెట్టారు."

"చదవడమా? పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు!"

"చిన్నప్పుడు దొర కొడుకు చదువుకుంటుంటే బల్లకి ఎదురుగా సిరాబుడ్డి పట్టుకుని నిలబడ్డవాడమ్మా. అక్షరాలు ఇవతలి నుంచి ఎలా కనబడితే అలాగే నేర్చుకున్నాడు. తిన్నగా పెడితే ఆయనకి ఒక్క ముక్క తెలీదు."



"మరి... సంతకం పెట్టలేదేం?"

"ఆయన సంతకం పెడితే మా వేళ్ళకి ధైర్యమెలా వస్తుంది?"

జెనోబియా గుమ్మంలోకి పరుగెత్తింది. కొండదారి ఖాళీగా ఉంది. క్షమించమని అడుగుదామన్నా మనిషి లేడు. సిగ్గుతో, అంతకు మించిన అబ్బురంతో ఆమె కళ్ళు నిండాయి. ఎంత మనిషి! ఎంత మాటన్నాను!

అవ్వ వెనకే వచ్చి ఒక మడత కాగితం ఆమె చేతిలో పెట్టింది.

"మా బీడు గురించి సర్కారు పంపింది. చదివి చెప్పు."

"నేనా?"

"మెలితోన్‌కి చూపు ఆనడం లేదట. 'ఆ పంతులమ్మ నోరు దురుసే గానీ, నూట ఇరవై పేర్లలో ఒక్క తప్పు లేదు. ఇకమీదట ఏ కాగితమైనా ఆ పిల్ల చదివాకే వేలు వెయ్యండి' అని అందరికీ చెప్పి వెళ్ళాడు."