గడప మీద పసుపు

మునిగిన ఊళ్లు చూపించే ఓడలో నూకరత్నం వంటమనిషి. ఒకప్పుడు గడపకు రాసినట్టే, ప్రతి శుక్రవారం తన ఇల్లు మునిగిన చోట నీళ్లలో పసుపు వదిలేది. యాత్రికులు మురిసిపోయి వీడియోలు తీశారు. కంపెనీ కొత్త ఓడలు కొని, అన్నిటిలోనూ ఆ ముచ్చట పెట్టించింది. నూకరత్నాన్ని ఇంకెవరిదో మునిగిన ఊరి మీద తిరిగే కొత్త ఓడకు మార్చింది.

ఈ శుక్రవారం ఆమె పాత ఓడలో తన బదులు చేరిన దేవుడమ్మకు ఫోన్ చేసింది.

"మా గడప మీద పసుపు ఏసేవా, అమ్మా?"

"ఓడ ఇప్పుడు అక్కడ ఆగట్లేదక్కా. మొన్నీమధ్యే మునిగిన ఇంకో ఊరు దొరికింది. గోడల రంగులు ఇంకా పోలేదని జనం అక్కడికే ఎగబడతన్నారు."

ఈ ఓడలో యాత్రికులు ఫోన్లు ఎత్తి ఎదురుచూస్తున్నారు. నూకరత్నం నీళ్ల మీద పసుపు గుప్పిట విప్పింది.

"ఎవరింటి గడపవో తల్లీ," అంది నీళ్ల వైపు చూసి. "మా గడపకి రాసేవోళ్లు లేరు. నీకన్నా రాయనీ."